సున్నం అడుగులు

ఏప్రిల్ 2

ప్రెస్సు వాళ్ళు ఏటా ఇచ్చే డైరీ ఇది. అట్ట మీదే ఒక అచ్చుతప్పు. పిల్లల పాఠ్యపుస్తకాల్లో తప్పులు దిద్దే మనిషికి తప్పున్న డైరీ పంపడం వాళ్ళకే చెల్లింది. ముందే నాకు చూపిస్తే ఊరికే దిద్ది పెట్టేదాన్ని.

సాయంత్రమైనా పడకగది గోడ కాలుతూనే ఉంది. తాళం తీసి, గోడ మీద చెయ్యి పెట్టి చూసి, మళ్ళీ తాళం వేశాను. నేను హాల్లో పడుకుంటున్నాను. హాల్లో గాలి బాగా వస్తుంది. అందుకే.

ఏప్రిల్ 3

చెల్లి ఫోను చేసింది. "ఇంకా ఆ పెనం మీదే కూర్చుంటావా అక్కా? అమ్మేసి మా దగ్గరికి వచ్చెయ్. గది ఖాళీగానే ఉంది."

"చూద్దాంలే."

"చూద్దాం చూద్దాం అని పోయినేడూ అన్నారు మీరిద్దరూ."

ఆ మాట అనేసి అదే నాలుక్కరుచుకుంది. పోయిన మే నెలలో మధ్యాహ్నం భోంచేసి ఆయన ఆ గదిలోకి వెళ్ళి పడుకున్నారు. కరెంటు పోయింది. సాయంత్రం టీ పెట్టి పిలిస్తే పలకలేదు. వడదెబ్బ అన్నారు డాక్టరు. ఎండలో తిరిగిన మనిషి కాదు, ఇంట్లో మంచం మీద పడుకున్న మనిషి.

ఈ మే వచ్చేలోపు ఏదో ఒకటి తేల్చమంది చెల్లి. సరేనన్నాను.

ఏప్రిల్ 6

ఎదురింటి నర్సు మెట్ల మీద కూర్చుని కనిపించింది, రొప్పుతూ. మా బిల్డింగు చివరి అంతస్తులో ఉన్నవి రెండే ఇళ్ళు, మాదీ వాళ్ళదీ. వాళ్ళది ఒకటే గది. ఆ గదికీ మా పడకగదికీ మధ్య గోడ ఒకటే. ఆమె మొగుడు లారీ తోలుతాడు, నెలలో సగం ఇంట్లో ఉండడు.

"ఆంటీ, మీ గది కూడా ఇట్లాగే కాలుతుందా?" అంది.

"హాల్లో పడుకుంటే సరి."

"మాకు హాలెక్కడిదాంటీ? అంతా కలిపి ఒకటే గదిగా." నవ్వింది. నవ్వడానికి కూడా ఆయాసపడింది. మే మధ్యలో కాన్పు అని చెప్పింది. నేను అడగలేదు.

మే మధ్యలో. ఆ గదిలో. పసిగుడ్డు.

నాకు సంబంధం లేని విషయం. వచ్చి తలుపేసుకున్నాను. తలుపు మీద ఆ కాగితం ఇంకా అలాగే ఉంది, 'దయచేసి బెల్ కొట్టకండి' అని. ఆయన పోయిన వారంలో పరామర్శలు భరించలేక అంటించాను. తీసేద్దామంటే ఎప్పుడూ గుర్తుండదు.

ఏప్రిల్ 9

మళ్ళీ కరెంటు పోయింది. కింద అన్ని అంతస్తుల్లోనూ ఎవరికి వారు ఏసీలు పెట్టించుకున్నారు. ఆ పెట్టెలు వెనకనుంచి కక్కే వేడంతా మా కిటికీలకే. మధ్యాహ్నం అందరూ ఒక్కసారి వేసేసరికి లైను తట్టుకోలేదు, ఫ్యూజు ఠప్పుమంటుంది. అప్పుడు వాళ్ళకి ఏసీ లేదు, మాకు ఫ్యానూ లేదు. బిల్డింగు సెక్రటరీ నోటీసు అంటించాడు: 'విద్యుత్తును పొదుపుగా వాడవలెను.' ఆ మనిషి తుమ్మినా నోటీసు అంటిస్తాడు. మా ఆయనకి మాత్రం ప్రాణస్నేహితుడు. సాయంత్రమైతే ఇద్దరూ చదరంగం ఆడేవాళ్ళు. ఇప్పుడు మెట్ల మీద నేను ఎదురైతే గోడ వైపు చూస్తూ దిగిపోతాడు.

గోడ కాలుతోంది.

ఏప్రిల్ 12

ఆరో తరగతి సైన్సు ప్రూఫులు. పన్నెండో పాఠం, 'మన భూమిని కాపాడుకుందాం'. చివర్లో ఎప్పటిలాగే 'మీరు చేయగల అయిదు పనులు రాయండి'. ఎన్నేళ్ళ నుంచో ఈ అయిదు పనులు దిద్దుతున్నాను, ఒక్కటీ చేసింది లేదు. కొత్తగా ఒక పేరా కలిపారు: తెల్లని పైకప్పు ఎండను తిప్పి పంపుతుంది, నల్లని పైకప్పు మింగుతుంది.

పక్కన పెన్సిలుతో 'నిజమేనా?' అని రాసి పంపాను. ఎడిటరు ఫోను చేశాడు. "మీరు అక్షరాలు చూడండమ్మా. విషయం చూసుకోడానికి వేరే వాళ్ళున్నారు."

చూశాను. 'మింగుతుంది' దగ్గర చాలాసేపు ఆగాను. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి.

ఏప్రిల్ 13

మా పైకప్పు నలుపు.

ఏప్రిల్ 15

రెండేళ్ళ కిందట వానకి పైకప్పు కారుతోందని అందరూ గోల పెడితే నల్ల పూత వేయించారు. తారులాంటిది, చవకలో వచ్చింది. నెత్తిన తువాలు వేసుకుని ఆయనే దగ్గరుండి వేయించారు. ఆ తర్వాత ఒక్క చుక్క కారలేదు. ఆ మాట ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. ఎండకి పూత మెత్తబడి చెప్పులకి అంటుకుని లేచి వస్తుంటే, డాబా మీదికి చెప్పులతో రాకూడదని రూలు పెట్టిందీ ఆయనే, సెక్రటరీతో కలిసి. అప్పటినుంచి బట్టలు ఆరేసేవాళ్ళంతా చెప్పులు మెట్ల మీద విడిచి, గంతులు వేసుకుంటూ తీగ దగ్గరికి పోతారు. ఆయన కిటికీలోంచి విని నవ్వేవారు.

ఆ పూత గురించి ఇంతకంటే రాయను.

ఏప్రిల్ 17

సున్నం కొన్నాను. బకెట్టూ కుంచే ఇంట్లోవే. ఊరికే చూద్దామని. ఆ ఎడిటరుకి సమాధానం చెప్పాలిగా.

పొద్దున్నే ఎవరూ లేవకముందు పైకి వెళ్ళాను. మా గది మీద వేద్దామనుకున్నాను గానీ అక్కడ నీళ్ళ ట్యాంకు నీడ పడుతుంది, తేడా సరిగ్గా తెలియదు. ఎండ నిలువునా కాసే చోటు చూసి వేశాను. అది నర్సు గది మీదికి వచ్చింది. వస్తే వచ్చింది. ముందు చాపంత వేశాను. మిగిలిన సున్నం పారబోయడం ఎందుకని ఆ గది మేరకి మొత్తం వేశాను. నడుం పట్టేసింది.

ఏప్రిల్ 18

మధ్యాహ్నం వెళ్ళి తెల్లదాని మీద చెయ్యి పెట్టాను. పెట్టి ఉంచగలిగాను. పక్కన నల్లదాని మీద పెట్టి అదాటున తీసేశాను.

పాఠం నిజమే. కిందికి వచ్చి ఎవరికైనా చెబుదామని హాల్లో నిలబడ్డాను. ఎవరున్నారు చెప్పడానికి? ఇలాంటివి వినడానికే నాకు ఒక మనిషి ఉండేవాడు.

ఏప్రిల్ 20

కొంప మునిగింది. సున్నంలో జిగురు కలపాలట. పాఠంలో ఆ ముక్క లేదు. అసలే నున్నటి పూత, దాని మీద ఉత్త సున్నం. ఎండేసరికి పొడిపొడిగా లేస్తోంది. చెప్పుల్లేకుండా పైకి వెళ్ళిన ప్రతివాళ్ళ కాళ్ళకీ అంటుకుని మెట్ల నిండా తెల్ల అడుగులు. పై నుంచి కింద దాకా, ఏ ఇంటి వాళ్ళవి ఆ ఇంట్లోకి. పెద్ద పాదాలు, బొటనవేలు విడిపోయిన పాదాలు, కుంటి పాదం ఒకటి. ఇంత మంది పైకి వెళ్తున్నారా రోజూ? నా నెత్తి మీదుగా?

సెక్రటరీ నోటీసు: 'డాబాపై అనుమతి లేకుండా సున్నం వేసిన వారు తక్షణం కడిగివేయవలెను. ఆదివారం సాయంత్రం డాబాపై సమావేశం.' ఎవరు వేశారో తెలియదట. 'తక్షణం'లో ఒత్తు మర్చిపోయాడు. పెన్ను తీసుకెళ్ళి దిద్దాను. దానితో ఎవరు వేశారో తెలిసిపోయింది.

ఏప్రిల్ 21

మెట్లు తుడుద్దామని చీపురు పట్టుకుని తలుపు తీశాను. ఒక జత అడుగులు డాబా మెట్లు దిగి, నేరుగా నా తలుపు దాకా వచ్చాయి. అక్కడ రెండు పాదాలూ పక్కపక్కన బాగా అచ్చుపడ్డాయి. ఆగినట్టున్నారు. ఆ తర్వాత వెనక్కి తిరిగి ఎదురింటికి. చిన్న పాదాలు, బరువుగా పడినవి.

తగాదాకి వచ్చి ఉంటుంది. ఇంట్లో సున్నం పడుతోందని.

తుడిచేశాను.

ఏప్రిల్ 22

మళ్ళీ వచ్చాయి. తగాదాకైతే ఒకసారి వస్తారు. తలుపు మీది కాగితం చదివి వెళ్ళిపోతోంది. ఈ నెలంతా ఇలాగే వచ్చి వెళ్ళిందేమో. అంతకు ముందు నెల? కాళ్ళకి సున్నం లేని రోజుల్లో నాకెలా తెలుస్తుంది?

చీపురు లోపల పెట్టేశాను. ఇవాళ తుడవలేదు.

ఏప్రిల్ 23, ఆదివారం

ఈ మీటింగు సంగతి పూర్తిగా రాయాలి.

పైకి నాలుగు కుర్చీలే వచ్చాయి. ఒకదాంట్లో సెక్రటరీ, కాగితాలతో. పెద్దవాళ్ళకి రెండు. ఒకటి నర్సుకి ఇచ్చారు. మిగతావాళ్ళంతా నిలబడ్డారు, రూలు ప్రకారం చెప్పులు లేకుండా. పొద్దు వాలినా నల్ల పూత చల్లారలేదు. సెక్రటరీ చదవడం మొదలుపెట్టాడు, డాబా అందరి ఉమ్మడి ఆస్తి అనీ, ఇష్టం వచ్చినట్టు రంగులు పూయడానికి ఎవరికీ హక్కు లేదనీ. జనం ఈ కాలు మీదా ఆ కాలు మీదా నిలబడుతున్నారు. ముందు కింది అంతస్తు టైలరు ఒక్కడుగు పక్కకి వేసి తెల్లదాని మీదికి వెళ్ళాడు. అతని భార్య వెళ్ళింది. రెండో అంతస్తు అత్తగారు వెళ్ళింది, వెనకే కోడలు. సెక్రటరీ 'కావున' దాకా వచ్చి తలెత్తేసరికి బిల్డింగు మొత్తం తెల్లదాని మీద ఇరుక్కుని నిలబడి ఉంది. నల్లదాని మీద సెక్రటరీ ఒక్కడే, కాళ్ళు రెండూ ఎత్తి కుర్చీ కమ్మీ మీద పెట్టుకుని.

టైలరు అన్నాడు, "ఇటు రండి సెక్రటరీ గారూ, కడగమని తీర్మానం ఇక్కడ నిలబడైతే తీరిగ్గా రాయొచ్చు."

అందరూ పకపకా నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. నవ్వి చాలా కాలమైంది కాబోలు, దవడ నొప్పి పుట్టింది.

సెక్రటరీ నవ్వలేదు. నా వైపు చూశాడు, ఏడాదిలో మొదటిసారి. "ఇది ఆయన వేయించిన పూతమ్మా. ఎండలో నిలబడి వేయించాడు. మీరే దాన్ని కప్పేస్తారా?"

ఆ మనిషి కోపం సున్నం మీద కాదు. ఇన్నాళ్ళూ గోడ వైపు చూసిందీ అందుకే.

"ఆయన వేయించారు, చుక్క కారలేదు," అన్నాను. "ఆ పూత కిందే పోయారు. ఆయనకీ తెలీదు, మీకూ తెలీదు, నాకూ తెలీదు. ఇప్పుడు తెలిసింది. కింద ఆయన పూత అట్లాగే ఉంటుంది సెక్రటరీ గారూ. పైన కాస్త తెలుపు, అంతే."

నర్సు కుర్చీలోంచి లేవబోయి లేవలేక కూర్చునే అంది, "సార్, ఆంటీ సున్నం వేసిన కాడ్నించి మధ్యాన్నం కాస్త నిద్ర పడుతోంది నాకు. నైటు డ్యూటీ చేసొచ్చి అంతకుముందు కళ్ళు మూసుకోలేకపోయేదాన్ని. కడిగించకండి సార్."

సెక్రటరీ కాళ్ళు దించాడు. నల్లదాని మీద రెండడుగులు గబగబా వేసి తెల్లదాని మీదికి వచ్చాడు. కిందికి, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు.

"జిగురు ఎవరు తెస్తారు?" అన్నాడు.

ఏప్రిల్ 24

తేలిగ్గా ఏమీ తేలలేదు. పైకప్పుతో మాకేం పని అని మొదటి అంతస్తు వాళ్ళు. మీ ఏసీ వేడి పైవాళ్ళ మొహాన కొడుతున్నప్పుడు లేదా పని అని టైలరు. చివరికి సెక్రటరీ, ఏసీలు మధ్యాహ్నం అంతస్తుకో వంతు చొప్పున వేసుకుంటే ఫ్యూజు పోదు కదా అన్నాడు. ముందు ఎవరూ ఒప్పుకోలేదు. వంతుకి వంతు చల్లగా ఉండటం కంటే అందరికీ ఒకేసారి ఉక్కపోత మేలా అని అత్తగారు అడిగాక ఒప్పుకున్నారు. సెక్రటరీ ఎంత సంతోషంగా నోటీసు రాశాడో! అంటించే ముందు నా దగ్గరికి పంపాడు, దిద్దమని. తలుపు కింద నుంచి తోశాడు. బెల్ కొట్టలేదు.

ఏప్రిల్ 30, ఆదివారం

డాబా మొత్తం తెల్లగా అయింది. ఈసారి జిగురు కలిపి, రెండు పూతలు. ఇంటికో బకెట్టు, ఇంటికో కుంచె. రెండో అంతస్తు కోడలు కుంచె పట్టడం చూసి అత్తగారు, అత్తగారు పట్టడం చూసి కోడలు, ఒకళ్ళది ఒకళ్ళు దిద్దుకుంటూ అందరికంటే ఎక్కువ వేశారు. పక్క బిల్డింగు వాళ్ళు పిట్టగోడ మీద వాలి ఏం కలిపారని అడిగారు. ఈ సంగతి తనే కనిపెట్టినట్టు సెక్రటరీ చెప్పుకుపోయాడు. చెప్పుకోనీ.

ట్యాంకు పక్కన చివరి ముక్క మిగిలింది, మా గది మీది భాగం. నీడ వస్తుంది, అక్కర్లేదేమో అన్నాను. సెక్రటరీ నా చేతిలోంచి కుంచె తీసుకుని తనే వేశాడు. నెత్తిన తువాలు ఉంది. నేను అటు తిరిగి నిలబడ్డాను.

మే 2

సాయంత్రం గోడ మీద చెయ్యి పెట్టాను. గోరువెచ్చగా ఉంది, అంతే.

మే 4

ఇవాళ కరెంటు పోలేదు. గోడ గోరువెచ్చన. తాళం తీసి ఆ గదిలో కూర్చున్నాను, ఆయన మంచం పక్కన, మధ్యాహ్నం పూట, ఆ టైముకే. కూర్చోగలిగాను. ఉక్కపోత ఉంది గానీ మనిషి ప్రాణం తీసేంత లేదు.

ఇంతేనా? ఒక బకెట్టు సున్నం, కాస్త జిగురు, ఒక ఆదివారం. ఇంతేనా కావలసింది? ఒక్క ఏడాది ముందు ఆ పాఠం నా చేతికి వచ్చి ఉంటే! అందరూ చల్లగా ఉంది, చల్లగా ఉంది అని సంబరపడుతున్నారు. నాకు ఏడుపు ఆగడం లేదు. వాళ్ళ సంబరం మీద కోపంగా ఉంది. ఈ చల్లదనం మీదే కోపంగా ఉంది.

మే 5

నిన్న రాసింది కొట్టేద్దామనుకున్నాను. కొట్టేయను. అందులో అచ్చుతప్పులు లేవు.

మే 7

జిగురు వేసిన సున్నం కాళ్ళకి అంటదు. మెట్లు శుభ్రంగా ఉన్నాయి. పొద్దున తలుపు తీసి గడప ముందు చూశాను. ఏమీ లేదు. ఎవరైనా వచ్చి వెళ్ళారో, అసలు ఎవరూ రాలేదో, ఇక తెలిసే దారి లేదు.

కాగితం పీకేశాను. గమ్ము మరక మిగిలింది.

మే 10

ఎవరూ బెల్ కొట్టలేదు. అలవాటు పడ్డారు.

చెల్లి ఫోను చేసింది, ఏం తేల్చావని. డాబా సంగతి చెప్పాను. "నువ్వు సున్నం వేశావా? నువ్వు?" అని నాలుగుసార్లు అడిగింది. వచ్చేస్తావా రావా అంటే, చూద్దామన్నాను.

మే 14

నర్సుని ఆస్పత్రికి తీసుకెళ్ళారు. లారీ మనిషి ఊళ్ళో లేడు. టైలరూ అతని భార్యా వెంట వెళ్ళారు. మెట్ల మీద చప్పుడు విని నేను తలుపు తీసేసరికి కింది అంతస్తు దాటిపోయారు. నన్ను ఎవరూ పిలవలేదు. పిలవరు. ఇన్నాళ్ళూ తలుపు మీద రాసి పెట్టింది నేనే కదా.

మే 15

ఆడపిల్లట. సెక్రటరీ నోటీసు బోర్డు మీద రాశాడు. దిద్దడానికేమీ లేదు.

మే 19

పాపని తీసుకొచ్చారు. గోడ అవతల ఏడుపు వినిపిస్తోంది. ఏడుపు ఆగితే నిద్రపోయిందని అర్థం. మధ్యాహ్నమంతా ఆగింది. గోడ మీద చెయ్యి పెట్టి ఉంచాను.

మే 20

చూడటానికి వెళ్ళాను. వాళ్ళ తలుపు మీద కాగితం: 'పాప నిద్రపోతోంది. దయచేసి బెల్ కొట్టకండి.' చెయ్యి ఎత్తినదాన్ని దించేశాను. అక్కడే నిలబడ్డాను. తట్టనా, వద్దా, పిలవనా, వద్దా. వెనక్కి వచ్చేశాను. ఆ నర్సు పిల్ల నా తలుపు ముందు ఇలాగే నిలబడింది, కడుపులో బరువుతో, ఎన్నిసార్లో. మనసుకి ఎలా ఉంటుందో ఇప్పుడు తెలిసింది.

బాల్కనీలో మొదటి రోజు సున్నం బకెట్టు అడుగున కొంచెం మిగిలి ఉంది. జిగురు కలపనిది. నీళ్ళు పోసి కలిపాను. రెండు కాళ్ళూ అందులో ముంచి నా గడప నుంచి వాళ్ళ గడప దాకా నడిచాను. అక్కడ రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, బాగా అచ్చుపడేదాకా నిలబడ్డాను. వెనక్కి మడమల మీద వచ్చాను. కాళ్ళు మండితే కడుక్కున్నాను. ఈ వయసులో ఏం పిచ్చి ఇది!

మే 21

బెల్ మోగింది. ఏడాదిగా వాడక గొంతు బొంగురుపోయింది దానికి. ముందు ఏమిటో అనుకున్నాను.

"ఆంటీ, ఈ అడుగులు మీవేనా? సెక్రటరీ గారు చూస్తే నోటీసే."

"చూడనీ. దిద్ది పెడతాను."

పాపని నా చేతుల్లో పెట్టేసింది. "కాస్త పట్టుకుంటారా? తలంటుకుని వారమైంది. నెలనాళ్ళ నించీ మిమ్మల్ని అడగాలనే, నేను డ్యూటీకి వెళ్ళినప్పుడు పాపని చూసుకుంటారేమోనని. ఎన్నిసార్లు వచ్చానో మీ గుమ్మం దాకా."

"తెలుసు," అన్నాను.

కిటికీలోంచి చూస్తే పక్క బిల్డింగు డాబా సగం తెల్లబడి ఉంది. మిగతా సగం రేపు వేస్తారు కాబోలు, బకెట్లు అక్కడే పెట్టి వెళ్ళారు. చెల్లికి ఈ ఏడాదికి రానని చెప్పాలి.

పాప పడకగదిలో నిద్రపోతోంది, మంచం మీద ఆయన వైపు. రెండు పక్కలా దిండ్లు పెట్టాను. నేను ఈ వైపు కూర్చుని రాస్తున్నాను. ఇందాక గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. బాగానే ఉంది. పాప కదులుతోంది, ఇక ఆపాలి.